కొత్త ట్యాంకులో చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయి: అపోహలు, వాస్తవాలు

అక్వేరియంలు సెట్ చేసి, మెయింటెనెన్స్ చూడటం నా పని. ఆదివారం ట్యాంకు కొన్నవాళ్ల ఫోన్లు గురువారం, శుక్రవారం మొదలవుతాయి. "అన్నా, నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, నిన్న రాత్రి మేత కూడా తిన్నాయి, పొద్దున లేచి చూస్తే రెండు తేలిపోయాయి." ట్యాంకు ఎప్పుడు పెట్టారని అడిగితే చాలు, మిగతా కథ నాకు తెలుసు.

అపోహ: నీళ్లు ఒక రోజు పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది, తర్వాత చేపలు వేసేయొచ్చు.

క్లోరిన్ సంగతి వరకు నిజమే. మున్సిపల్ నీళ్లలో ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు వదిలేస్తే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది, తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు ఉన్నాయి, బోరు నీళ్లయితే మనం కలపనంతవరకు అందులో క్లోరినే ఉండదు. కానీ క్లోరిన్‌తో పోయే చేప వేసిన రోజే పోతుంది. నాలుగో రోజో ఐదో రోజో పోయిందంటే అనుమానించాల్సింది అమ్మోనియాని. చేప మొప్పల నుంచి అది రోజంతా వస్తూనే ఉంటుంది, తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. దానికి రంగు లేదు, కాబట్టి నీళ్లు తేటగా ఉన్నాయి కదా అన్న మాటకి అర్థం లేదు.

పాత ట్యాంకులో ఈ అమ్మోనియాని ఫిల్టర్ స్పాంజ్‌లో, రాళ్ల మీద పెరిగిన బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది వారం వారం నీళ్లు మారిస్తే పోయే సరుకు. (ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు, అక్వేరియంలలో అసలు పని నైట్రోస్పైరాదని 1998లో తేలింది. షాపుల్లో అమ్మే బాక్టీరియా బాటిళ్ల మీద ఇప్పటికీ పాత పేరే కనిపిస్తుంటుంది.) ఈ రెండు రకాల బాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొత్త ఫిల్టర్‌లో ఉన్నది ఉత్త స్పాంజ్, అంతే.

మన బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. వాటి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) తరచూ ఎక్కువే ఉంటుంది. అది 7 నుంచి 8కి పెరిగితే అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు 10 రెట్లవుతుంది. అందుకే ఒకే షాపులో కొన్న గోల్డ్ ఫిష్ ఒక ఇంట్లో బతికి, పక్క వీధిలో చస్తుంది. అది ఎవరి దిష్టీ కాదు.

దిష్టి అంటే గుర్తొచ్చింది. చేప చచ్చిపోతే ఇంటికి రావాల్సిన గండం అది తీసుకుపోయిందని చెప్పి ఇంకో జత అమ్మేవాళ్లున్నారు. విసుగొస్తుంది. గండం కాదండీ, అమ్మోనియా. నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చూపే టెస్ట్ కిట్‌లో రంగు కనిపిస్తుంది చూడండి.

కూకట్‌పల్లిలో ఒక టీచర్ గారు, చాలా శుభ్రం మనిషి. చేప పోయిన ప్రతిసారీ మొత్తం నీళ్లు పారబోసి, రాళ్లు వేడినీళ్లలో ఉడికించి, స్పాంజ్ సబ్బుతో ఉతికి కొత్త చేపలు తెచ్చేవారు. అంటే అప్పుడే పుట్టిన ఆ కాస్త బాక్టీరియాని కూడా ఆవిడే చంపేస్తున్నారు. పాపం, ప్రేమతోనే. నా షాపులో పాత ట్యాంకు నుంచి నల్లగా మడ్డి పట్టిన స్పాంజ్ తీసుకెళ్లి ఆవిడ ఫిల్టర్‌లో పెడితే ముక్కు మూసుకున్నారు. పాలకి తోడు పెట్టడం లాంటిదే మేడం అన్నాక ఊరుకున్నారు. ఆ ట్యాంకు ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి చేపలు లేకుండానే ట్యాంకు నడపండి. క్లోరిన్ తీసిన నీళ్లు, ఫిల్టర్, రోజూ చిటికెడు మేత (అది కుళ్లి వచ్చే అమ్మోనియానే బాక్టీరియాకి తిండి). దొరికితే జబ్బులేని పాత ట్యాంకు నుంచి స్పాంజ్ ముక్క, దాంతో టైమ్ బాగా తగ్గుతుంది. కిట్‌లో ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరుగుతాయి. మేత వేస్తున్నా రెండూ సున్నా చూపిస్తూ, నైట్రేట్ కనిపిస్తుంటే అప్పుడు వేయండి, అదీ కొద్దికొద్దిగా. రెండడుగుల ట్యాంకులో రాళ్లు పోగా పట్టేది దాదాపు 50 లీటర్లే, ఒకేసారి పది చేపలు వేయకండి.

మిగతావి గబగబా. మొదటి వారం నీళ్లు తెల్లగా మసకబారితే టెన్షన్ వద్దు, దానంతట అదే తగ్గుతుంది. ఆర్వో నీళ్లు మంచివేమీ కావు, ఖనిజాలు లేక పీహెచ్ నిలవదు. నీలం మందు (మిథిలీన్ బ్లూ) ముందు జాగ్రత్తగా పోయొద్దు, ఫిల్టర్ బాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది. ఎండ తగిలే షెల్ఫులో నెలల తరబడి ఉన్న బాక్టీరియా బాటిల్ మీద నాకైతే నమ్మకం లేదు.

ఇప్పటికే చేపలు వేసేశారా? వెనక్కి ఇచ్చేయక్కర్లేదు. మేత సగానికి సగం తగ్గించండి, కిట్‌లో అమ్మోనియాగానీ నైట్రైట్‌గానీ కనిపించిన ప్రతి రోజూ 30 శాతం నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసినవే పోయండి. స్పాంజ్ మరీ మూసుకుపోతే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కొళాయి కింద వద్దు. కరెంటు బిల్లు కోసం రాత్రిపూట ఫిల్టర్ ఆపేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ బాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి, 24 గంటలూ తిరగనివ్వండి.