సంగటి ముద్ద, చెనిక్కాయ (వేరుశనగ) గింజ: ఎంత, దేనితో, ఎవరికి?

కడప నుంచి అనంతపురం దాకా ఏ రోడ్డు పక్కన ఆగినా ఇప్పుడు రాగి సంగటి దొరుకుతుంది. ఒకప్పుడు ఇంట్లో తినడమే తప్ప హోటల్లో అడగడానికి మొహమాటపడిన తిండి అది. ఇప్పుడు దానికోసమే కార్లు ఆగుతున్నాయి. సంతోషించాల్సిన మార్పే. అయితే సంగటితో పాటు కొన్ని మాటలు కూడా బాగా ప్రచారంలోకి వచ్చాయి. సంగటి తింటే షుగర్ పెరగదట. పాలకంటే రాగుల్లోనే కాల్షియం ఎక్కువట. గానుగ నూనె ఎంత వాడినా ఒళ్లు రాదట. బెల్లం తింటే రక్తం పడుతుందట. ఫోన్లో వీడియో చూసి ఒకరు, పక్కింటివాళ్లు చెప్పారని ఇంకొకరు ఈ మాటలు నమ్మి తిండి మార్చుకుంటున్నారు. కొందరు డాక్టరు రాసిన మాత్రలు కూడా మానేస్తున్నారు. నాకు భయం వేసేది అక్కడే.

ఈ మాటల్లో చాలావాటిలో ఎంతోకొంత నిజం ఉంది. కానీ ఎంత తింటే, దేనితో కలిపి తింటే, ఎవరు తింటే అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మూడూ లేకపోతే తిండి గురించి ఎంత మంచి మాటైనా సగం మాటే.

ముందు సంగటినే చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను కొత్తగా ప్రచురించింది. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి, నమూనాలు తెప్పించి, 528 పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి తయారుచేసిన పట్టికలవి. వాటి ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆవుపాలలో 100 గ్రాములకు 118 మిల్లీగ్రాములే. చూడగానే రాగులు మూడింతలు గొప్పవనిపిస్తుంది. కానీ ఒకటి ఎండు గింజ, ఇంకొకటి ముప్పాతిక మించి నీళ్లే ఉన్న పాలు. కంచంలోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఒక మోస్తరు ముద్దలో 60 గ్రాముల రాగిపిండి, 30 గ్రాముల బియ్యం పడతాయనుకుందాం. కాల్షియం దాదాపు 220 మిల్లీగ్రాములు వస్తుంది. ఒక గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. పైగా రాగుల్లో ఫైటేట్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి కాల్షియాన్ని, ఇనుమును పట్టుకుని పేగుల్లో పూర్తిగా ఒంటికి అందనివ్వవు. అందుకని సంగటి తక్కువదైపోదు. పాలు కొనలేని ఇంట్లో ఒక ముద్ద అంత కాల్షియం ఇవ్వడం చిన్న విషయం కాదు. మూడింతలు అన్న మాటే నిలబడదు.

షుగర్ సంగతి ఇంకా ముఖ్యం. రాగుల్లో నూటికి 67 పాళ్లు పిండిపదార్థమే, బియ్యంలో 78. మనం అనుకున్న ముద్దలో మొత్తం 63 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. వంద గ్రాముల బియ్యం వండుకుని అన్నం తింటే 78 గ్రాములు. ఇక షుగర్ రాదు కదా అని ధైర్యంగా రెండు ముద్దలు తింటే 125 గ్రాములు దాటుతుంది. అంటే అన్నం మానేసిన మనిషి అన్నం కంటే ఎక్కువే తిన్నాడు. రాగుల్లో పీచు 11 గ్రాముల పైనే ఉంది, బియ్యంలో మూడు కూడా లేదు. అన్నానికి బదులు ఒక ముద్ద తింటే ఆ మేలు ఖాయంగా ఉంటుంది. కానీ పిండి ఎంత మెత్తగా ఆడిస్తే, ఎంత మెత్తగా ఉడికిస్తే అంత తొందరగా అరిగి గ్లూకోజ్‌గా రక్తంలోకి చేరుతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకు చూసుకోవచ్చు. ఆ అంకె ఏ వీడియో కంటే నమ్మదగినది.

గానుగ నూనె మాట తొందరగా తేల్చేయవచ్చు. పిండిపదార్థమైనా మాంసకృత్తులైనా గ్రాముకు 4 కేలరీలు, కొవ్వయితే 9. ఎద్దు గానుగలో తీసినా, మిల్లులో తీసినా, నూనె గ్రాముకు 9 కేలరీలే. వాసన బాగుంటుంది, ఊరిబిండికి, అంటే సంగటిలో నంజుకునే పచ్చడికి రుచి వస్తుంది, అందుకు కొనుక్కోవచ్చు. ఒళ్లు రాదని మాత్రం కొనకూడదు.

ఇప్పుడు పాతకాలం తిండి గురించి చెప్పాలి. మా జేజి (అవ్వ) కాలంలో జొన్నరొట్టె, కొర్రన్నం తిని ఉక్కులా ఉండేవాళ్లు, ఈ రోగాలే లేవు అని రాయలసీమలో అనని ఇల్లు ఉండదు. కర్నూలు జిల్లా ఆలూరు, పత్తికొండ వైపు జొన్నరొట్టె ఇప్పటికీ రోజువారీ తిండి. ఆ రొట్టె మీద నాకూ ఎంతో ఇష్టం. అయినా ఈ మాటను ఊరికే వదిలేయలేను. దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానమైన తిండిగా బతికిన పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొరలు పొరలుగా లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోవడం దీనికి కారణం.

ఇది అంటురోగమని అమెరికాలో చాలాకాలం అనుకున్నారు. అక్కడ మొక్కజొన్న తప్ప వేరే తిండి లేని పేదలకు వచ్చేది. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు 1914 నుంచి దీని వెంటపడి, అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించి జబ్బు తగ్గించి చూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ ఆ లోటు నికోటినిక్ ఆమ్లానిదని, అంటే నియాసిన్‌దని తేల్చాడు. అయితే మన జొన్నల దగ్గర ఒక చిక్కు మిగిలింది. జొన్నల్లో ఆ విటమిన్ మరీ తక్కువేమీ కాదు, మరి జబ్బెందుకు? హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఒక వివరణ ఇచ్చారు: జొన్నల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లో ఉండే ఒక భాగం) ఎక్కువ, అది నియాసిన్ పనికి అడ్డుపడుతోందని. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదన నడిచింది. జొన్న చెడ్డదని ఎవరూ అనలేదు. జొన్న ఒక్కటే తినడం, పక్కన పప్పు, పాలు, మాంసం ఏవీ లేకపోవడం చెడ్డదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. జేజి కాలం నుంచి మనం తెచ్చుకోవాల్సింది జొన్నలతో పాటు చేనులో సాళ్ల మధ్య వేసిన కంది, అలసంద, అనుములు, ఇంటి వెనక చెంచలాకు, మునగాకు, చట్టిలో పెరుగు. ఆ ఇళ్లలో ఇవన్నీ దొరికినవాళ్లు గట్టిగా ఉన్నారు. దొరకనివాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోలేదు, అంతే.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తీరింది. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. కాకపోతే కంచం తెల్లబడింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఒక నమూనా కంచం ఇచ్చారు. అన్నమైనా, రొట్టైనా, సంగటైనా ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు. ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదంటారు. మన ఇళ్లలో అన్నం గుట్టగా పోసి, పప్పు పలుచగా చేసి, కూర అంచున పెట్టుకుంటాం. అన్నం బదులు కొర్రలు తెచ్చి అదే గుట్ట పోస్తే మారేది కొంచెమే. ఈ కంచంలో మార్చాల్సింది ముందు పప్పు, తర్వాత కూర. చిరుధాన్యం ఆ తర్వాత.

పప్పు ఎందుకంటే, 65 కిలోల మనిషికి రోజుకు సుమారు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి, కిలోకు 0.83 గ్రాముల లెక్కన. రెండు ముద్దల సంగటి నుంచి పదమూడు గ్రాములు వస్తాయి. 30 గ్రాముల కందిపప్పు ఆరున్నర గ్రాములిస్తుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. సంగటికి చెనిక్కాయల ఊరిబిండి ఉంటే చాలు కదా అంటారు అనంతపురం వాళ్లు. దేశంలో చెనిక్కాయ పంటకు పేరుపడిన జిల్లా అది, ఆ మాట అనే హక్కు వాళ్లకుంది. నిజంగానే 30 గ్రాముల గింజల్లో ఏడు గ్రాముల మాంసకృత్తులు, మంచి కొవ్వు, పెల్లాగ్రా రానివ్వని నియాసిన్ కూడా ఉన్నాయి. కానీ చెనిక్కాయలోనూ లైసిన్ తక్కువే. అందుకే ఊరిబిండి పప్పుకు తోడవుతుంది గానీ పప్పు స్థానంలోకి రాదు. వారంలో కొన్ని రోజులైనా కంది, ఉలవలు, అలసందలు, లేదంటే గుడ్డు కంచంలోకి రావాలి.

చెనిక్కాయ గురించి ఇంకొక సంగతి ఉంది. రుచి గురించి మాట్లాడినంతగా దీని గురించి మనం మాట్లాడుకోం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. బ్రెజిల్ నుంచి తెచ్చిన చెనిక్కాయ పిండి మేత అందుకు కారణమని తేలింది. ఆ పిండికి ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. అది తయారుచేసే విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అందులో బి1 అనే రకం మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఖాయం చేసింది. వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే అనంతపురంలో, కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట తగిలితే ఈ బూజు చేనులోనే గింజలోకి దిగుతుంది. పీకాక సరిగ్గా ఎండకపోతే, మూట తడిస్తే ఇంకా పెరుగుతుంది. గింజలో తేమ ఏడెనిమిది శాతానికి దిగేదాకా ఎండబెట్టమని రైతులకు చెప్పేది అందుకే. మామూలు వంట వేడికి ఈ విషం పోదు. వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. ఇంట్లో చేయగలిగిన పని గింజలు ఏరుకోవడం. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చినవి, నోట్లో వేస్తే చేదుగా ఉన్నవి తీసి పారేయాలి. వాటిని ఆవుకు వేయకూడదు, విషం పాలలోకి వస్తుంది. గానుగకు పంపకూడదు, శుద్ధి చేయని నూనెలోకీ కొంత దిగుతుంది. సహజమైనది కాబట్టి మంచిదే అనేవాళ్లకు ఈ బూజు కూడా సహజమైనదేనని గుర్తుచేయాలనిపిస్తుంది.

ఇక రక్తం మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పది మందిలో దాదాపు ఆరుగురు. వాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటారు. బెల్లం 100 గ్రాములు తింటే నాలుగైదు మిల్లీగ్రాములు వస్తుంది. రోజూ పది గ్రాముల ముక్క తింటే అర మిల్లీగ్రాము కూడా రాదు. కూలికి పోయి వచ్చిన ఆడకూతురికి బెల్లంతో రక్తం పడుతుందని చెప్పి, హెల్త్ సెంటర్లో ఇచ్చే ఐరన్ మాత్రను పక్కన పెట్టించడం ఎంత అన్యాయమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఇంట్లో తేలిగ్గా చేయగలిగిన మార్పులు రెండున్నాయి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, తిన్నాక ఒక జామకాయ తింటే, విటమిన్ సి ఆ ఇనుమును ఒంటికి బాగా పట్టిస్తుంది. తిండితో పాటే టీ తాగితే అందులోని టానిన్లు దాన్ని అడ్డుకుంటాయి. టీ మానక్కర్లేదు, గంట ఆగి తాగితే చాలు.

మరి ఎవరి మాట వినాలి? నేను ముందు చూసేది, చెప్పేవాడు చివర్లో ఏదైనా అమ్ముతున్నాడా అని. పొడో, నూనో, కోర్సో అమ్ముతుంటే అతని మాటకు విలువ అక్కడే సగం తగ్గిపోతుంది. పరిశోధనలో తేలింది అంటే, ఎలుకల మీదా మనుషుల మీదా, ఎందరి మీద, ఎన్నాళ్లు అని అడగాలి. సీసాలోని కణాల మీద పనిచేసింది కడుపులో పనిచేయకపోవచ్చు. ఒకే గింజ షుగర్నీ, కీళ్లనొప్పులనీ, క్యాన్సర్నీ తగ్గిస్తుందని చెబితే అక్కడితో వినడం ఆపేయవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడు కూనూరులో విటమిన్ లోటుతో వచ్చే బెరిబెరి జబ్బును పరిశోధించడానికి ఒకే ఒక్క గదిలో మొదలైంది, 1958లో హైదరాబాద్ వచ్చింది. దాని మార్గదర్శకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్లో వీడియో చూసే పది నిమిషాల్లో అందులో నాలుగు పేజీలు చదవవచ్చు.

ఆ మార్గదర్శకాలు కూడా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం రాసినవే. కిడ్నీలు సరిగ్గా పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లు పప్పు ఎంత తినాలో, ఏ ఆకుకూర తినకూడదో తమ డాక్టరునో, ఆసుపత్రిలోని డైటీషియన్‌నో అడిగి తేల్చుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆరు నెలలు నిండిన బిడ్డ సంగతి మరీ వేరు. పలుచటి రాగిజావ పోస్తే చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, శక్తి అందదు. చిక్కగా చేస్తే మింగలేదు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి పెట్టుకుంటే దీనికి దారి దొరుకుతుంది. మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. చిక్కగా కాచిన జావ కాస్త చల్లారాక ఈ పిండి ఒక చెంచా కలిపితే, పోషకం తగ్గకుండానే అది జారుగా మారుతుంది. మొలకెత్తినప్పుడు ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి. ఎక్కువ మాడ్చి వేయించిన పిండి ఈ పనికి రాదు, వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. కలిపిన కొద్ది నిమిషాలకు జావను మరోసారి మరగనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక పెట్టాలి.