ఒకే తీగ మీద ఫోను, టీవీ, ఇంటర్‌నెట్: ఇక్కడిదాకా ఎలా వచ్చాం?

నెలకు రూ.149కి 250 టీవీ ఛానళ్లు, 15 ఎంబీపీఎస్ ఇంటర్‌నెట్, అద్దె లేని ఫోను. మూడూ ఒకే తీగ మీద, ఒకే పెట్టెలో. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ గురించి విన్నప్పుడు చాలామంది కళ్లు ధర మీదే నిలిచాయి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో 2016 చివర్లో మొదలై, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభమైన ఆ పథకంలో అసలు విశేషం ధర కాదు. అంతవరకు వేర్వేరు శాఖలు, వేర్వేరు లైసెన్సులు, వేర్వేరు తీగలుగా ఉన్న సేవలు పల్లెటూరి ఇంటికి కలిసి రావడమే విశేషం. అలా కలపగల టెక్నాలజీ అప్పటికి పదేళ్లకు పైగా ప్రపంచంలో ఉంది. మన దగ్గర అంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పాత టెలిఫోన్ వ్యవస్థ పని చేసే తీరు ఇది. మీరు ఒక నంబరుకు ఫోన్ చేస్తే, మీ ఎక్స్ఛేంజీ నుంచి అవతలి ఎక్స్ఛేంజీ దాకా ఒక దారి పూర్తిగా మీకోసం కేటాయిస్తారు. మీరు మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి మీదే. ఒక్క మనిషి ప్రయాణానికి బస్సు మొత్తం బుక్ చేసుకోవడం లాంటిది. అందుకే ట్రంక్ కాల్ అంత ఖరీదు. 1990ల మొదట్లో దేశంలో నూటికి ఒక్క ఫోను కూడా లేదు. 1994 టెలికాం విధాన పత్రమే ఆ సంఖ్య 0.8 అని ఒప్పుకుంది. అప్పటి ప్రపంచ సగటు 10. ఫోన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన ఊళ్లన్నిటిలో ఉన్నాయి.

ఆ కరువులోనూ ఒక మంచి పని జరిగింది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ మన ఎండకు, దుమ్ముకు తట్టుకునే చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీని తయారు చేసింది. దానికి ఏసీ గది అక్కర్లేదు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. విదేశీ ఎక్స్ఛేంజీలు ఎయిర్ కండిషనింగ్ లేకపోతే మొరాయించే రోజుల్లో ఇది పెద్ద అడుగు. పసుపు రంగు ఎస్టీడీ బూత్‌లు చిన్న ఊళ్ల బస్టాండ్ల దాకా రావడానికి ఇలాంటి ఎక్స్ఛేంజీలు ఎంతో తోడ్పడ్డాయి.

అదే కాలంలో జరిగిన ఇంకో ప్రయోగం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ప్రతి గ్రామానికి ఒక పబ్లిక్ ఫోను ఇవ్వాలని ఎంఏఆర్ఆర్ అనే అనలాగ్ రేడియో పద్ధతిలో 1990లలో పెద్ద ఎత్తున ఫోన్లు పెట్టారు. లెక్కల్లో ఆ గ్రామాలకు ఫోను వచ్చేసింది. కానీ వాటిలో చాలా ఫోన్లు మోగలేదు. పరికరాలు పాడైతే బాగుచేసేవాళ్లు లేరు. చివరికి అలాంటివి లక్షకు పైగా ఫోన్లను వేరే టెక్నాలజీతో మార్చాల్సి వచ్చింది. పెట్టిన ఫోన్లు ఎన్ని, పని చేస్తున్నవి ఎన్ని అనే తేడా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1990లలోనే మిగతా తీగలూ వచ్చాయి. గల్ఫ్ యుద్ధం తర్వాత కేబుల్ టీవీ వీధుల్లోకి దూసుకొచ్చింది. 1995లో దానికో చట్టం చేశారు. అదే ఏడాది జులై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్, ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్‌నెట్. ఫోను టెలికాం శాఖ కింద, టీవీ సమాచార ప్రసార శాఖ కింద. ఇంటర్‌నెట్‌కు వేరే లైసెన్సు, మొబైల్‌కు వేరే లైసెన్సు, దూరప్రాంతపు కాల్స్‌కు ఇంకొకటి. అన్నిటికీ అడుగున 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం.

ఈలోగా టెక్నాలజీ దారి మార్చుకుంది. మాట, బొమ్మ, అక్షరం దేన్నైనా చిన్న చిన్న డేటా ప్యాకెట్లుగా ముక్కలు చేసి, అందరి ప్యాకెట్లూ ఒకే దారిలో పంపి, అవతల మళ్లీ అతికించడం కుదిరింది. అప్పుడు మాటకు ఒక నెట్‌వర్క్, సినిమాకు ఇంకో నెట్‌వర్క్ కట్టే అవసరం పోయింది. 2004 డిసెంబర్‌లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం దీనికి ‘నెక్స్ట్ జనరేషన్ నెట్‌వర్క్’ పేరుతో నిర్వచనం ఇచ్చింది. ఆ నిర్వచనంలో కీలకమైన విషయం ఒకటే: సరుకు మోసే పొర వేరు, దాని మీద ఇచ్చే సేవ వేరు. కింద ఫైబర్ ఉందా, రాగి తీగ ఉందా, గాలిలో తరంగం ఉందా అన్నదానితో పైన నడిచే ఫోనుకో, టీవీకో సంబంధం ఉండకూడదు. పాత ఎక్స్ఛేంజీ స్థానంలో సాఫ్ట్‌స్విచ్ అనే సాఫ్ట్‌వేర్ వస్తుంది. పాత ఫోన్లతో మాట కలపడానికి మధ్యలో గేట్‌వేలు ఉంటాయి.

బ్రిటన్‌లో బీటీ సంస్థ 2004లోనే తన నెట్‌వర్క్ మొత్తాన్ని ఇలా మార్చేస్తానని ప్రకటించింది. అక్కడ ప్రతి ఇంటికీ దశాబ్దాల నాటి రాగి తీగ, వేలకొద్దీ పాత ఎక్స్ఛేంజీలు ఉన్నాయి. వాటిని విప్పడమే పెద్ద పనైంది. పాత ఫోన్ వ్యవస్థను పూర్తిగా ఆపేసే గడువు జరుగుతూ జరుగుతూ 2027 జనవరికి చేరింది. మన దగ్గర విప్పడానికి అంత లేదు. పేదరికం కలిసొచ్చే సందర్భాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

పేద దేశానికి దీనివల్ల వచ్చే లాభం నా దృష్టిలో వేగం కన్నా లెక్కలో ఉంది. ఐదారు వందల ఇళ్లున్న ఊరికి కేవలం ఫోను కోసం తీగ లాగితే గిట్టుబాటు కాదు. కేవలం ఇంటర్‌నెట్ కోసం లాగినా కాదు. అదే తీగ మీద టీవీ వచ్చి, పంచాయతీ ఆఫీసు పని నడిచి, రేషన్ షాపులో ఈ-పోస్ యంత్రం పలికి, ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడగలిగితే ఖర్చు అందరి మీదా పరుచుకుంటుంది. ఒక్కొక్క సేవగా చూస్తే నష్టం తెచ్చే ఊరు, అన్నీ కలిపితే నిలబడుతుంది. ఈ-సంజీవని టెలిమెడిసిన్ వాడకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరుసలో నిలిచింది. ఊళ్లోని కేంద్రంలో కనెక్షన్ ఉంటేనే అది నడుస్తుంది. సిగ్నల్ లేక వేలిముద్ర పడక, రేషన్ కోసం రెండోసారి తిరిగిన ముసలివాళ్లకు నెట్‌వర్క్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంత లాభం కళ్ల ముందే ఉన్నా మన చట్టం వెంటనే కదల్లేదు. నిజానికి ఢిల్లీలో ఆలోచన తొందరగానే మొదలైంది. టెలికాం, ప్రసారం, ఐటీ మూడింటినీ ఒకే కమిషన్ కిందికి తేవడానికి 2001 ఆగస్టులో కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ (వేర్వేరు సేవల కలయిక) బిల్లును లోక్‌సభలో పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది. అక్కడితో ఆగింది. 2004లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లూ మురిగిపోయింది. అప్పుడే ఆ చట్టం వచ్చి ఉంటే తర్వాతి ఇరవై ఏళ్ల తగవుల్లో సగం ఉండేవి కావని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తగవులు ఎలాంటివో చూడండి. 2000ల మొదట్లో కొన్ని కంపెనీలు ల్యాండ్‌లైన్ లైసెన్సు తీసుకుని, తీగ బదులు వైర్‌లెస్‌తో ఫోన్లు ఇచ్చాయి. ఆ ఫోను పట్టుకుని వీధిలో తిరగవచ్చు. మొబైల్ కంపెనీలు కోర్టుకెక్కాయి. అది ల్యాండ్‌లైనా, మొబైలా అనే గొడవ 2003 నవంబర్‌లో ఏకీకృత లైసెన్సు వచ్చేదాకా తెగలేదు. ఇంటర్‌నెట్ మీద మాట్లాడే సౌకర్యమూ అంతే. 2002 ఏప్రిల్ నుంచి కంప్యూటర్‌లోంచి విదేశంలోని ఫోనుకు కాల్ చేయవచ్చన్నారు. కానీ అదే కంప్యూటర్ నుంచి దేశంలోని పక్క ఊరి ఫోనుకు చేయకూడదు. అమెరికాలో ఉన్న కొడుకుతో చవకగా మాట్లాడొచ్చు, గుంటూరులో ఉన్న కూతురితో మాట్లాడకూడదు. టెక్నాలజీకి ఈ తేడా తెలియదు; లైసెన్సుకే తెలుసు. ఈ అడ్డు పూర్తిగా తొలగింది 2018లో. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ కొత్త తరం నెట్‌వర్క్‌ల మీద 2006 జనవరిలోనే చర్చా పత్రం విడుదల చేసింది. అంటే ఆలస్యమైంది దారి తెలియక కాదు.

బ్రాడ్‌బ్యాండ్ సంగతీ ఇలాగే సాగింది. 2004 విధానం 2010 నాటికి 2 కోట్ల కనెక్షన్లు లక్ష్యంగా పెట్టుకుంది. గడువు నాటికి వచ్చింది అందులో సగం కన్నా కాస్త ఎక్కువ. అప్పటికి మొబైల్ ఫోన్లు ల్యాండ్‌లైన్లను ఎప్పుడో దాటిపోయాయి. జనం చేతిలో ఫోను ఉంది, కానీ ఆ టవర్ వెనక సరిపడా ఫైబర్ లేదు.

2016 సెప్టెంబర్ 5న జియో రావడంతో కన్వర్జెన్స్ పేరు తెలియకుండానే అందరి జేబుల్లోకి వచ్చింది. ఆ నెట్‌వర్క్‌లో పాత పద్ధతి వాయిస్ లేనే లేదు. మాట కూడా డేటాగానే వెళ్తుంది. అందుకే కాల్స్‌కు విడిగా డబ్బు తీసుకోనక్కర్లేకపోయింది. మిగతా కంపెనీలు దిగిరాక తప్పలేదు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లే కాల్‌కు నిమిషానికి 14 పైసలు ఉన్న చార్జీ 2017లో 6 పైసలై, 2021 జనవరి 1న పూర్తిగా పోయింది. నిమిషాలు లెక్కపెట్టి డబ్బు వసూలు చేసిన వందేళ్ల వ్యాపారం మన కళ్ల ముందే ముగిసింది.

అయితే టవర్ల మీద నడిచే డేటాకు హద్దుంది. ఇంట్లో నలుగురు వాడాలన్నా, బడిలో ఒక తరగతి మొత్తం చూడాలన్నా ఫైబర్ కావాలి. దీని కోసమే 2011 అక్టోబర్‌లో కేంద్రం రూ.20,000 కోట్ల అంచనాతో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం ఇచ్చింది. తర్వాత పేరు భారత్‌నెట్ అయింది. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ అన్నారు. మొదటి లక్ష పూర్తయ్యేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. పంచాయతీ ఆఫీసు గోడకు పెట్టె బిగించారు. ఎన్నోచోట్ల ఆ పెట్టెలో దీపం వెలగలేదు. రోడ్డు పనిలో జేసీబీ తీగను తెంపితే అతికించేవాళ్లు లేరు, కరెంటు పోతే బ్యాటరీ లేదు. ఆఫీసు దాకా వచ్చిన తీగ ఇంటిదాకా వెళ్లలేదు. పాత ఎంఏఆర్ఆర్ ఫోన్ల కథే మళ్లీ.

మన రెండు రాష్ట్రాలు ఇక్కడ వేరే దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ కందకాలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. దాదాపు 24 వేల కిలోమీటర్లు, సుమారు రూ.330 కోట్లతో. భూమిలో వేస్తే వేల కోట్లయ్యేది. ఇంటికి చేర్చే పని అప్పటికే వీధి వీధినా ఉన్న కేబుల్ ఆపరేటర్లకు ఇచ్చారు. ఇది చాలా తెలివైన నిర్ణయం. ఊళ్లో ఏ ఇంటికి ఏ స్తంభం నుంచి తీగ వెళ్లాలో ఆ ఆపరేటర్‌కు తెలిసినంతగా ఏ కంపెనీకి తెలియదు. తెలంగాణ మిషన్ భగీరథ నీటి పైపుల కోసం ఎలాగూ తవ్వుతున్న కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు వేసింది. ఫైబర్ వేయడంలో పెద్ద ఖర్చు తీగది కాదు, తవ్వకానిది. ఆ ఖర్చును నీళ్లతో పంచుకున్నారు.

ఫైబర్‌నెట్ తర్వాతి నడక బాధ కలిగిస్తుంది. టెండర్ల మీద ఆరోపణలు, కేసులు, ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారిన ప్రాధాన్యాలు. పెరగాల్సిన కనెక్షన్లు ఒక దశ దాటాక తగ్గాయి. ఆరోపణల నిజానిజాలు తేల్చడం కోర్టుల పని. నష్టపోయింది మాత్రం ఆ తీగను నమ్ముకుని వేరే కనెక్షన్ తీసుకోని పల్లె కుటుంబాలు, అప్పు చేసి పెట్టెలు తెచ్చి పెట్టిన చిన్న ఆపరేటర్లు.

కలిసిన నెట్‌వర్క్‌తో ఒక ప్రమాదమూ ఉంది. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను పలికేది. ఫైబర్ పెట్టెకు ఇంట్లో కరెంటు ఉండాలి. స్తంభాల మీది తీగ గాలివానకు తెగుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు, ఫోన్లు కలిసే పోయాయి. నాలుగేళ్లకు తిత్లీ శ్రీకాకుళంలో స్తంభాలను వేల సంఖ్యలో పడగొట్టింది. అన్ని సేవలూ ఒకే తీగ మీద పెట్టినప్పుడు ఆ తీగకు రెండో దారి ఉండి తీరాలి. తీరప్రాంత జిల్లాలకు ఇది అదనపు సౌకర్యం కాదు, ప్రాణావసరం.

2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో ఈ పాఠాలు కొన్ని కనిపిస్తున్నాయి. ఖర్చు అంచనా రూ.1.39 లక్షల కోట్లు. మండలం నుంచి పంచాయతీలకు వెళ్లే తీగను వలయంగా వేస్తారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి డేటా వెళ్తుంది. కట్టిన కంపెనీయే పదేళ్లు నిర్వహణ చూడాలి. ఐదేళ్లలో కోటిన్నర గ్రామీణ ఇళ్లకు కనెక్షన్లు, వాటిని ఇచ్చే స్థానిక చిన్న వ్యాపారులకు ఆదాయంలో వాటా. ఆంధ్రప్రదేశ్‌లో కేబుల్ ఆపరేటర్లతో చేసిన పని ఇప్పుడు దేశమంతటికీ వెళ్తోంది.

చట్టం వైపు మాత్రం పని సగంలోనే ఉంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. ఫోనుకు, టీవీకి ఒకే రకమైన నియంత్రణ ఉండాలా అని ట్రాయ్ 2023 జనవరిలో మళ్లీ చర్చా పత్రం వేసింది. 2001 బిల్లు అడిగిన ప్రశ్నే అది. ఇప్పటికీ ఊళ్లో ఒకే ఆపరేటర్ ఒకే ఫైబర్ మీద ఇచ్చే టీవీ ఛానల్ సమాచార ప్రసార శాఖ నియమాల కింద, ఇంటర్‌నెట్ టెలికాం శాఖ నియమాల కింద నడుస్తున్నాయి.