రాకముందే సిద్ధంగా ఉండే కణం

ప్రియమైన పిల్లలకు,

ఎన్నడూ చూడని వైరస్‌కు సరిపోయే యాంటీబాడీని, అంటే దానికి అతుక్కుని అడ్డుకునే ప్రొటీన్‌ను, ఒళ్లు ఎలా తయారుచేస్తుందని అడిగారు. వైరస్ వచ్చాక దాని కొలతలు తీసుకుని కుట్టిపెడుతుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు పెద్ద శాస్త్రవేత్తలే అలా అనుకున్నారు. నిజం అంతకంటే అద్భుతం.

ఎముకల మజ్జలో బి కణాలనే తెల్ల రక్తకణాలు పుడతాయి. పుడుతూనే ఒక్కో కణం కొన్ని జన్యువుల ముక్కలను పేకముక్కల్లా కలిపి, తనకంటూ ఒక గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. గ్రాహకమంటే కణం ఒంటిమీద కొక్కెంలా ఉండే యాంటీబాడీయే. ఏ వైరస్ వస్తుందో దానికి తెలియదు. ఈ కలయికను 1976లో బయటపెట్టిన సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇలా కోట్ల రకాల కణాలు ఎదురుచూస్తుంటాయి. చాలావాటికి పని పడకుండానే ఆయువు తీరిపోతుంది.

వైరస్ వచ్చిన రోజున ఏవో కొద్ది కణాల గ్రాహకాలు దానికి అతుక్కుంటాయి. సహాయక టి కణం అనే మరో రకం తెల్ల రక్తకణం కూడా ఔనన్నాక అవి వేగంగా రెట్టింపవుతాయి. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద తడిమి చూడండి, బిళ్ల కట్టి ఉంటుంది. ఈ పని జరిగే చోటు అదే. అక్కడ విభజన జరిగేకొద్దీ యాంటీబాడీ జన్యువులో చిన్న చిన్న మార్పులు వస్తాయి. వైరస్‌ను గట్టిగా పట్టుకోగలిగిన కణం బతుకుతుంది, పట్టు సడలినది చస్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

నెగ్గిన కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలై, ఒక్కొక్కటి సెకనుకు దాదాపు 2,000 యాంటీబాడీలను వదులుతాయి. అవి వైరస్ ముళ్లకు అతుక్కుని, అది మన కణంలోకి దూరకుండా అడ్డుపడతాయి. దూరిపోయిన వైరస్‌ను మాత్రం ఇవి అందుకోలేవు. ఆ పని టి కణాలది. మొదటిసారి ఇదంతా జరగడానికి వారం పైనే పడుతుంది, అందుకే మంచాన పడతాం.

తర్వాత కొన్ని, అదే వైరస్ మళ్లీ వస్తే గుర్తుపట్టే జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. కొన్ని ప్లాస్మా కణాలు మళ్లీ మజ్జకే చేరి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ఎన్నేళ్లంటారా? 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగి, సుమారు 7,800 మందిలో 6,000 మంది దాకా జబ్బుపడ్డారు. అంతకుముందు 1781లో వచ్చింది, మధ్యలో జాడే లేదు. పీటర్ పానుమ్ అనే యువ వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి వాకబు చేశాడు. చిన్నప్పుడు 1781లో తట్టు పోసిన ముసలివాళ్లలో ఒక్కరికీ అది మళ్లీ సోకలేదు. మధ్యలో గడిచినవి 65 ఏళ్లు.

ప్రేమతో,
మీ తాతయ్య