పిల్లలతో ఢిల్లీ: నేను రోజూ వినే అపోహలు, దగ్గరుండి చూసిన వాస్తవాలు

విజయవాడ నుంచి కుటుంబాలకు ఢిల్లీ ట్రిప్పులు ప్లాన్ చేసి ఇవ్వడం నా పని. ఏడాదికి రెండు మూడుసార్లు నేనూ వాళ్ల వెంట వెళ్తాను. మొదట్లో నేను రాసిచ్చిన ఒక ప్లాన్‌లో మూడు రోజులకు పదకొండు చోట్లు ఉన్నాయి. ఆఖరి రోజు సాయంత్రం ఇండియా గేట్ పచ్చిక మీద ఒక తల్లి, వాంతి చేసుకున్న నాలుగేళ్ల పాపకు మూతి తుడుస్తూ, "అన్నీ చూపించారండీ, మా పాప మాత్రం ఏదీ చూడలేదు" అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. ఆ తర్వాత నేను ప్లాన్ రాసే పద్ధతే మారింది. ముందు పిల్లల నిద్ర, తిండి, నడక రాసుకుంటాను. చూడాల్సిన చోట్లు వాటి మధ్యలో పెడతాను. అయినా ఫోన్ చేసే ప్రతి ఇంటి నుంచీ అవే మాటలు వినిపిస్తాయి. వాటి గురించే ఈ పోస్టు.

అపోహ: "అంత దూరం వెళ్తున్నాం కదా, నాలుగు రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా, మథుర, హరిద్వార్ అన్నీ చుట్టేసి రావాలి."

వాస్తవం: పదేళ్లలోపు పిల్లలుంటే రోజుకు రెండు చోట్లు చాలు. పొద్దున ఒక పెద్దది, సాయంత్రం పిల్లలు పరుగెత్తడానికి వీలున్నది ఒకటి. మధ్యాహ్నం రూమ్‌కి వచ్చి గంటన్నర పడుకోవాలి. ఈ పడక దగ్గరే నాన్నలు నాతో వాదిస్తారు, టైమ్ వేస్ట్ అని. ఎర్రకోట ఒక్కటే తీసుకోండి. లాహోరీ గేట్‌లో మొదలుపెట్టి, లోపలి బజారు దాటి, దివాన్-ఎ-ఆమ్ అనే సభామండపం, ఆ వెనక మహళ్లు చూసి తిరిగి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అంతా నడకే. ఆ తర్వాత ఐదేళ్ల పిల్లను ఇంకో కోటకు తీసుకెళ్తే నాన్న భుజం మీద నిద్రపోవడం తప్ప ఏం చేయగలదు?

ఆగ్రా విషయం విడిగా చెప్పాలి. ఢిల్లీ నుంచి కారులో పోను రెండు వందల కిలోమీటర్లు, రాను రెండు వందలు. తెల్లవారుజామున పిల్లల్ని లేపి, రాత్రి పదకొండింటికి తిరిగొచ్చి, మర్నాడు మళ్లీ ఊరు చూద్దామంటే వాళ్లు లేవరు. నేను చెప్పే పద్ధతి వేరు. ఆగ్రాను ఆఖరి రోజుకు పెట్టుకోండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ వెళ్లే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. తిరుగు టికెట్ ఢిల్లీ నుంచి కాకుండా ఆగ్రా నుంచే తీసుకోండి. పొద్దున ఢిల్లీ నిజాముద్దీన్ స్టేషన్‌లో గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి తాజ్ చూడండి, అక్కడి నుంచి అటే ఇంటికి. వెనక్కి వచ్చే ప్రయాణం ఉండదు. అయితే శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు, గతిమాన్ కూడా నడవదు.

మథుర, హరిద్వార్ ఇంకోసారి వెళ్లండి. పెద్దవాళ్లకు గంగాస్నానం కావాలంటే దానికి వేరే ప్రయాణమే పెట్టుకోవాలి.

అపోహ: "సంక్రాంతి సెలవులే ఢిల్లీకి మంచి సమయం. చల్లగా హాయిగా ఉంటుంది."

వాస్తవం: ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. జనవరి ఢిల్లీ చలి మన చలి కాదు. పొద్దున ఐదు డిగ్రీలకు, కొన్ని రోజులు అంతకన్నా కిందికి దిగుతుంది. మన ఇళ్లలో పిల్లలకు ఉన్న స్వెటర్ ఒక్కటే, అదీ పల్చటిది. దానితో అక్కడ నిలబడలేరు. లోపల థర్మల్స్, పైన జాకెట్, చెవులు మూసే టోపీ, సాక్సులు కావాలి. చలి కన్నా పెద్ద ఇబ్బంది పొగమంచు. డిసెంబర్ చివర్లో, జనవరిలో రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా వస్తాయి, పొద్దుటి విమానాలు ఆగిపోతాయి. పసిపిల్లతో స్టేషన్‌లో ఐదారు గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చూశాను. పాలు అయిపోతాయి, డైపర్లు అయిపోతాయి, తల్లికి ఏడుపొస్తుంది.

దానికి తోడు జనవరి 26 ఏర్పాట్లు. రిహార్సల్స్ కోసం కర్తవ్య పథ్, ఇండియా గేట్ చుట్టూ దారులు మూస్తారు. ఎర్రకోటను కూడా కొన్ని రోజులు సందర్శకులకు మూసేస్తారు. ఆగస్టు 15కు ముందూ అంతే. పిల్లలకు పరేడ్ చూపించాలనే వెళ్తే అది వేరే సంగతి, టికెట్లు ముందే సంపాదించుకుని దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోవచ్చు.

మన స్కూళ్ల సెలవులు చూస్తే నా ఓటు దసరాకే. ఎండ తగ్గి ఉంటుంది, సాయంత్రాలు బాగుంటాయి, ఎర్రకోట ఎదుట మైదానాల్లో రామ్‌లీలా నడుస్తుంటుంది. విజయదశమి రోజు రావణ దహనానికి మాత్రం చంటిపిల్లలతో ఆ జనంలోకి వెళ్లొద్దు. ముందు రోజుల్లో ఒక సాయంత్రం చాలు. దీపావళి దగ్గరపడేకొద్దీ గాలి పాడవుతుంది. పక్క రాష్ట్రాల్లో పంట కొయ్యలు తగలబెట్టిన పొగ, బాణసంచా పొగ, కదలని గాలి అన్నీ కలిసి నవంబర్‌లో ఊపిరాడనివ్వవు. ఆయాసం ఉన్న పిల్లలుంటే ఆ నెల ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. వేసవి సెలవులు తప్ప దారి లేని వాళ్లకు పొద్దున పదింటి వరకు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే బయట ప్లాన్ ఇస్తాను. మధ్యలో నేషనల్ సైన్స్ సెంటర్ లాంటి లోపల తిరిగే చోట్లు.

అపోహ: "ఢిల్లీ కదా, ఏ రోజు వెళ్లినా అన్నీ తెరిచే ఉంటాయి."

వాస్తవం: ఢిల్లీ ప్లాన్‌లో అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది సోమవారం. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం, రైల్ మ్యూజియం, తీన్ మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ, బొమ్మల మ్యూజియం అన్నీ సోమవారం మూతే. జూకు సెలవు శుక్రవారం. ఆదివారం రైలెక్కి సోమవారం దిగే కుటుంబాలు మొదటి రోజే ఎర్రకోట గేటు ముందు నిలబడతాయి.

అలాగని సోమవారం వృథా కాదు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్, ఇండియా గేట్, దాని పక్కనే 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం తెరిచే ఉంటాయి. బంగ్లా సాహిబ్ గురుద్వారాకు వెళ్తే పిల్లలు కోనేట్లో చేపలు చూస్తారు, అందరితో పాటు కింద కూర్చుని లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, అన్నం తింటారు. తలమీద గుడ్డ కప్పుకోవాలి, అంతే. రాష్ట్రపతి భవన్‌కు మాత్రం సోమవారం సందర్శన ఉండదు; మిగతా రోజుల్లో లోపల చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, పిల్లల ఆధార్ కూడా దగ్గరుంచుకోండి.

అపోహ: "పిల్లలతో మెట్రో కష్టం. రోజంతా కారు మాట్లాడుకుంటేనే సుఖం."

వాస్తవం: నాయనమ్మకు మోకాళ్ల నొప్పులుంటే, చంకలో పసిపిల్ల ఉంటే కారే మంచిది. మిగతా వాళ్లకు మెట్రోనే హాయి. ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు కారులో ఇరుక్కున్న పిల్లవాడికి కడుపులో తిప్పుతుంది. అదే దూరం మెట్రోలో అయితే కిటికీ దగ్గర నిలబడి స్టేషన్ల పేర్లు చదువుతాడు. మూడడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఎర్రకోటకు లాల్ ఖిలా స్టేషన్, అక్షర్‌ధామ్‌కు అదే పేరుతో స్టేషన్ ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ మూడో టెర్మినల్ నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు ఎయిర్‌పోర్ట్ లైన్‌లో దాదాపు ఇరవై నిమిషాలు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర వరకు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు రాజీవ్ చౌక్, కశ్మీరీ గేట్‌లలో లైను మారే ప్లాన్ పెట్టుకోవద్దు. ఆఫీసుల జనంలో చెయ్యి జారిపోతుంది. రెండోది, రైలు వెళ్లే వైపు మొదటి బోగీ ఆడవాళ్లది. అమ్మ, పిల్లలు అందులో, నాన్న వేరే బోగీలో ఎక్కుతుంటారు. అలా ఎక్కినా సరే, ఏ స్టేషన్‌లో దిగాలో ఇద్దరికీ తెలిసుండాలి. రద్దీ లేని వేళ అందరూ మామూలు బోగీలోనే కలిసి ఎక్కడం మేలు. హోటల్ కూడా మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గర్లో చూసుకోండి. లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

అపోహ: "చరిత్ర పిల్లలకు బోర్. పార్కులు, మాల్స్ చాలు."

వాస్తవం: పిల్లలకు విసుగొచ్చేది చరిత్ర వల్ల కాదు, రాజుల పేర్లు, తేదీల వల్ల. కుతుబ్ మినార్ దగ్గర నేను పిల్లలను ముందు ఇనుప స్తంభం దగ్గరికి తీసుకెళ్తాను. "మన గేటు రెండు వానలకే తుప్పు పడుతుంది కదా, ఇది పదహారు వందల ఏళ్లుగా ఎందుకు పట్టలేదు?" అని అడిగితే ఇక వాళ్లే మాట్లాడతారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, అది పైన ఒక పొరలా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతోందని ఆ తర్వాత చెప్తాను. మినార్ పైకి ఎందుకు ఎక్కనివ్వరని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలే. పదేళ్లు దాటిన వాళ్లకు ఇది నిజంగానే చెప్తాను. జనంలో తోసుకోకూడదని ఎందుకంటామో వాళ్లకు అర్థమవుతుంది.

జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రం అనే పెద్ద నీడ గడియారం నీడ ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోమనండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే నీడ కదిలి ఉంటుంది. ఈ ఒక్క పనికి పిల్లలు అరగంట అక్కడే ఉంటారు. చాణక్యపురిలోని రైల్ మ్యూజియం మాత్రం అబ్బాయిలకు, అమ్మాయిలకు అందరికీ నచ్చుతుంది, చిన్న రైలు ఎక్కొచ్చు కూడా. అక్కడ పటియాలా మోనోరైల్ ఉంది. ఒక పట్టా మీద నడుస్తూ, పడిపోకుండా పక్కన రోడ్డు మీద ఒక పెద్ద చక్రం ఆనించుకునే ఆవిరి బండి. దాని ముందు పిల్లల కన్నా తాతయ్యలు ఎక్కువసేపు నిలబడతారు.

పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. అందుకే ఒక చోట విసుగొస్తే డబ్బులు పోయాయని పట్టుపట్టకుండా బయటకు వచ్చేయండి.

అపోహ: "అక్కడ మన తిండి దొరకదు, పిల్లలు తినరు."

వాస్తవం: ఇండియా గేట్ దగ్గర అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఎవరైనా వెళ్లొచ్చు. పప్పు, కూర, సాంబారు, రసం, పొడి, పెరుగుతో భోజనం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే క్యూ పెద్దదవుతుంది, పన్నెండున్నరకే చేరండి. మిగతా పూటలకు పెరుగు, అన్నం, ఇడ్లీ చాలా చోట్ల దొరుకుతాయి. ఏడాదిలోపు పాపకు ఉగ్గు పొడి, చిన్న కెటిల్ పట్టుకెళ్లండి. నీళ్లు మాత్రం సీల్ ఉన్న సీసావే తాగించండి. రోడ్డు పక్క చాట్, గోల్‌గప్పా (మన పానీపూరీ) ఆఖరి రోజు దాకా ఆపండి.

అపోహ: "పిల్లలకు సగం టికెట్ చాలు, మన బెర్త్‌లోనే సర్దుకుంటారు."

వాస్తవం: ఐదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ లేదు, బెర్త్ కూడా రాదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు వాళ్లకు సగం టికెట్ తీసుకుంటే బెర్త్ ఇవ్వరు. బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక పగలు, ఒక రాత్రి. ఎనిమిదేళ్ల పిల్లతో ఒకే బెర్త్ మీద తల్లి నిద్రపోలేదు, మర్నాడు దిగేసరికి ఇద్దరూ నీరసపడతారు. ఆ డబ్బు ఖర్చు పెట్టండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, దసరా బెర్తుల కోసం ఆ రోజు పొద్దున్నే కూర్చోవాలి. రైలు పొద్దున దిగుతుంది, చాలా హోటళ్లు మధ్యాహ్నం దాకా రూమ్ ఇవ్వవు. స్నానానికి వీలు చేయమని హోటల్‌ను ముందే అడిగి ఉంచండి.

అపోహ: "ఢిల్లీలో పిల్లల్ని బయటకు తీసుకెళ్లాలంటేనే భయం."

వాస్తవం: భయంతో రూమ్‌లో కూర్చోబెట్టాల్సిన ఊరు కాదు. స్టేషన్ బయట ఎవరైనా వచ్చి "మీ హోటల్ మూసేశారు, నేను వేరేది చూపిస్తా" అంటే ఆగకుండా నడవండి, హోటల్‌కు మీరే ఫోన్ చేసుకోండి. పిల్లల జేబులో అమ్మానాన్నల నంబర్లు, హోటల్ పేరు హిందీలో, ఇంగ్లిష్‌లో రాసిన కాగితం పెట్టండి. మన పిల్లలు తెలుగులో ఏడిస్తే అక్కడ చాలామందికి అర్థం కాదు. అత్యవసరానికి 112, తప్పిపోయిన పిల్లల కోసం 1098.

అక్షర్‌ధామ్‌లో అయితే ఇంకో మాట. లోపలికి ఫోన్లు, కెమెరాలు, బ్యాగులు ఏవీ తీసుకెళ్లనివ్వరు. రాత్రి ఫౌంటెన్ షో అయ్యాక వేలమంది ఒకేసారి లేస్తారు, అప్పుడు ఒకరికొకరు ఫోన్ చేసుకునే వీలుండదు. నాతో వచ్చిన ఒక తాతగారు, మనవడు అలా విడిపోయి ముప్పావుగంట ఒకరి కోసం ఒకరు తిరిగారు. ఇప్పుడు లోపలికి వెళ్లగానే నేను చేసే మొదటి పని, అందరికీ కనిపించే ఒక చోటు చూపించి, "తప్పిపోతే ఎవరూ వెతకొద్దు, ఇక్కడికి వచ్చి నిలబడండి" అని చెప్పడం. చిన్న పిల్లలతో ఆ చోటు పేరు రెండుసార్లు పలికిస్తాను.