పలుగురాయి నుంచి ఇసుక తిన్నె దాకా

కల్లంలో వడ్లు తూర్పార పట్టడం చూసినవాళ్లకు గాలి చేసే పని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గాలివాటం చూసుకుని నిలబడి, చేట తలపైకెత్తి మెల్లగా జారుస్తుంటే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు నాలుగడుగుల అవతల పడుతుంది, పొట్టు ఇంకా దూరం పోతుంది. దుమ్మయితే పక్కవాళ్ల చేను దాకా లేస్తుంది. సముద్రం ఒడ్డున ఇసుక తిన్నె పుట్టేది కూడా ఇట్లాగే. అక్కడ చేట ఎత్తేది అల.

నల్లగొండలో పుట్టి తిన్నెల గురించి రాయడం ఎందుకంటే, ఆ ఇసుకలో కొంత మనదే. మన గుట్టలు గ్రానైటువి, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండాకాలం వాగులోకి దిగి పిడికెడు ఇసుక తీసి అరచేతిలో పరచి చూడండి. గాజుపెంకులా మెరిసేది పలుగురాయి. లేత గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్. గోటితో గీరితే రేకులుగా ఊడేది కాకిబంగారం. ఎండకూ వానకూ గుట్ట పగులుతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది, కాకిబంగారం పొరలు పొరలుగా విడిపోతుంది. పలుగురాయి మాత్రం లొంగదు. డిండి, మూసీ లాంటివి దాన్ని కృష్ణలోకి దొర్లిస్తే, వరదకింత చొప్పున హంసలదీవి దాకా నడుస్తుంది. దూరం పోయేకొద్దీ దొడ్డు ఇసుక వెనకబడి సన్న ఇసుక ముందుకు సాగుతుంది.

సముద్రంలో కలిసినంత మాత్రాన దాని నడక ఆగదు. అలలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి, వెనక్కి మాత్రం తిన్నగా జారతాయి. అందుకే ఇసుక తీరం వెంబడే జరుగుతూ పోతుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఆ నడక ఉత్తరం వైపే ఎక్కువ. దారిలో అల కొంత ఇసుకను ఒడ్డుమీద పారేస్తుంది. పాటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఆ ఇసుక ఎండాలి. తడి ఇసుక గింజలను నీళ్లే పట్టి ఉంచుతాయి కాబట్టి గాలికి లేవవు. ఒడ్డు ఎంత వెడల్పుగా ఉంటే అంత ఇసుక ఎండుతుంది.

గాలి వేగం గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లు దాటితే ఎండిన సన్న ఇసుక కదలడం మొదలుపెడుతుంది. అయితే అది దుమ్ములాగా ఆకాశానికి లేవదు. గింజ ఎగిరి, ముందుకు పోయి, పడుతుంది. పడిన దెబ్బకు ఇంకో నాలుగు గింజలు లేస్తాయి. ఈ గంతులన్నీ చాలావరకు మోకాలి ఎత్తులోపే జరుగుతాయి. ఒడ్డున గాలి గట్టిగా వీచినప్పుడు పిక్కలకు సూదులు గుచ్చినట్టు ఉండేది అందుకే. 1930లలో లిబియా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ సైనిక ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ దీన్ని గాలి సొరంగంలో కొలిచి, 1941లో పుస్తకంగా వేశాడు. గంతేసే గింజ తనకంటే ఆరు రెట్లు అడ్డుకొలత ఉన్న గింజను కూడా ముందుకు నెట్టగలదని ఆయన తేల్చాడు. గాలి వేగం రెట్టింపయితే, కొట్టుకుపోయే ఇసుక సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే నెలంతా వీచిన పిల్లగాలి చేయని పనిని ఒక్కరోజు ఈదురుగాలి చేసేస్తుంది.

తిన్నె పుట్టడానికి ఏదో ఒక అడ్డు చాలు. కృష్ణ సముద్రంలో కలిసే వైపు తీరానికి ఒకసారి పోయినప్పుడు బాలబంద తీగ పక్కన చాలాసేపు కూర్చున్నాను. మేక గిట్టలా చీలిన ఆకులు, ఊదారంగు పూలు. ఒక్కో ఆకు వెనక వేలెడు పొడవున ఇసుక తోక కట్టి ఉంది. తీగ పాకిన మేర నేల జానెడు ఎత్తు లేచింది. ఆకు చాటున గాలి నెమ్మదిస్తే గింజ అక్కడే దిగుతుంది. ఇసుక కప్పేస్తే తీగ చావదు. కణుపు కణుపుకూ వేరు వేసి మళ్లీ పైకి వస్తుంది. అది లేచిన కొద్దీ దిబ్బా లేస్తుంది. రావణాసురుడి మీసం అనే ముళ్ల గడ్డిదీ ఇదే పద్ధతి. నన్నడిగితే తిన్నెను కట్టేది గాలి ఒక్కటే కాదు, సగం ఈ మొక్కలే.

గడ్డి లేని దిబ్బ ఒకచోట నిలవదు. గాలి వచ్చే వైపు నుంచి గింజలు మెల్లగా ఎక్కి, శిఖరం దాటి అవతలికి జారతాయి. ఆ జారుడు వాలు సుమారు 33 డిగ్రీలు. ఇంటి ముందు ట్రాక్టరు పోసిన ఎండు ఇసుక కుప్పకూ ఇంచుమించు అదే వాలు. వెనక తరిగి ముందు చేరుతూ దిబ్బ మొత్తం నడుస్తుంది.

తుఫాను వచ్చినప్పుడు అలలు తిన్నె ముందు భాగాన్ని నిలువునా కోసేస్తాయి. కోసిన ఇసుకలో చాలా భాగం ఒడ్డుకు కాస్త అవతల, నీళ్ల కింద మేట వేస్తుంది. ఆ మేట మీద పెద్ద అలలు ముందే విరిగి కొంత బలం పోగొట్టుకుంటాయి. సముద్రం శాంతించాక చిన్న అలలు అదే ఇసుకను నెలల తరబడి వెనక్కి తెస్తాయి. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచేసిన దివిసీమ ఈ కృష్ణ చివరనే ఉంది. ఆ మాట తెలిసినవాళ్లు తిన్నెను చదును చేసే బుల్‌డోజరును చూస్తూ ఊరుకోలేరు. 2019 నాటి తీర మండల నిబంధనలు తిన్నెలను అత్యంత సున్నితమైన తరగతిలో ఉంచాయి.

తిన్నెకు ఇంకో గుణం ఉంది. మనం ఎండిన వాగులో చెలిమె తోడి తియ్యటి నీళ్లు తాగినట్టే, తీరంలో ఇసుకలో దొరువు తవ్వుకుంటారు. అడుగున ఉప్పునీళ్లు ఉన్నా, వాననీళ్లు తేలిక కాబట్టి వాటి మీద తేలి నిలుస్తాయి. మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా ఉప్పునీటిని అదిమి పెడుతుంది. తిన్నె తరిగితే వాననీటిని పట్టి ఉంచే చోటు కూడా తరుగుతుంది.

ఇదంతా జరగాలంటే ఇసుక వస్తూ ఉండాలి. కృష్ణ మీద జూరాల, శ్రీశైలం, 1967 నుంచి కాలువలకు నీళ్లిస్తున్న నాగార్జున సాగర్ ఉన్నాయి. మూసీ ఇసుక సాగర్‌ను తప్పించుకుని వాడపల్లి దగ్గర కలిసినా, కింద పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజీ. వాగుల్లోంచి ట్రాక్టర్లకు ఎత్తేది వేరు. కృష్ణా డెల్టాలో సముద్రం లోపలికి కోసుకొస్తున్న చోట్లు ఉపగ్రహ చిత్రాల్లో కనబడుతున్నాయి.

సాగర్ గేట్లు ఎత్తారంటే పిల్లలను తీసుకుని చూడ్డానికి పోతాం. 26 గేట్ల నుంచి నీళ్లు తెల్లటి నురగతో దూకుతుంటే ఫోటోలు దిగుతాం. ఆ నీళ్లతో రావలసిన దొడ్డు ఇసుక మాత్రం డ్యాం గోడ దాకా కూడా రాలేదు. ఎగువన, నది నెమ్మదించి జలాశయంలో కలిసే చోటే అడుగున కూర్చుండిపోయింది.