జన్యువుల పనిని ఆపే మందులు: మా ఓపీలో వినిపించే అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందివి పుట్టుకతో వచ్చిన రక్త సంబంధ జబ్బులు. సీతంపేట ఏజెన్సీ నుంచి, మందస, మెళియాపుట్టి కొండల వైపు నుంచి, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ జబ్బున్న పిల్లలు వస్తారు. తలసేమియా, హీమోఫీలియా పిల్లలూ ఉన్నారు. కొంతకాలంగా వాళ్ల తల్లిదండ్రులు ఫోనులో ఏదో ఒక వీడియో చూపించి అడుగుతున్నారు: “జన్యువును ఆపేసే సూదిమందు వచ్చిందట కదా డాక్టరమ్మా, మా పిల్లాడికి వేయించలేమా?” ఆ ఆశను నేను తప్పుపట్టను. అలాంటి మందులు నిజంగానే వచ్చాయి, కొందరి బతుకులను మార్చాయి కూడా. కానీ ఏ మందు ఏ జబ్బుకో చెప్పకుండా సాగుతున్న ప్రచారాన్ని నమ్మి, పిల్లలకు రోజూ వేయాల్సిన మాత్రలు ఆపేస్తున్న ఇళ్లను చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జబ్బు తెచ్చిన జన్యువునే మందు ఆపేస్తుంది, దాంతో జబ్బు పోతుంది

మిగతా అపోహలన్నీ దీన్నుంచే పుడుతున్నాయి, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా బయటికి వస్తుంది. ఆ నకలును చదివి కణం ప్రొటీన్ తయారు చేస్తుంది. ఈ మందులు ఆ నకలును పట్టుకుని ముక్కలు చేస్తాయి. జన్యువు మాత్రం ఉన్నచోటే, ఉన్నట్టే ఉంటుంది. ఈ పద్ధతిని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో 1998లో మిల్లీమీటరు పొడవుండే చిన్న పురుగులో వివరించారు. 2006లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. దాని ఆధారంగా తయారైన మొదటి మందు పాటిసిరాన్‌కు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. అది నరాలను దెబ్బతీసే ఒక వంశపారంపర్య అమిలాయిడోసిస్‌కు పనికొస్తుంది. ఆ జబ్బులో చెడ్డ ప్రొటీన్ పేరుకుపోతుంది కాబట్టి, దాన్ని తయారు చేసే జన్యువు నకలునే ఆపితే సరిపోతుంది.

హీమోఫీలియాలో లోపం వేరు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫ్యాక్టరో, తొమ్మిదో ఫ్యాక్టరో తగినంత తయారు కాదు. అసలే తయారు కానిదాన్ని ఇంకా ఆపితే ఏం ఒరుగుతుంది? అందుకే 2025 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన ఫిటుసిరాన్ ఆ జన్యువు జోలికే పోదు. రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే యాంటీత్రాంబిన్ అనే మంచి ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. ఒకవైపు లోటును రెండోవైపు తగ్గింపుతో సరిచేయడమన్నమాట.

మొదటి రకం ప్రైమరీ హైపర్ఆక్సలూరియాలోనూ ఇంతే. ఈ పిల్లలకు కాలేయంలో ఒక ఎంజైమ్ లోపించి, రాళ్లు కట్టే ఆక్సలేట్ అనే పదార్థం విపరీతంగా తయారవుతుంది. మూత్రపిండాల్లో మళ్లీ మళ్లీ రాళ్లు ఏర్పడి, చివరికి అవి పనిచేయడం మానేస్తాయి. వంశధార కాలువలో దిగువ తూము పూడిపోయి నీరు పొలాల మీద పడుతుంటే ఎగువ షట్టర్ దించుతారు కదా, 2020లో వచ్చిన లుమాసిరాన్ చేసేది అదే. లోపం ఉన్న ఎంజైమ్‌ను వదిలేసి, అంతకు ముందు మెట్టులో ఉన్న గ్లైకోలేట్ ఆక్సిడేజ్ అనే ఆరోగ్యకరమైన ఎంజైమ్‌ను తగ్గిస్తుంది. అదే జబ్బు రెండో రకానికి, మూడో రకానికి ఈ మందు పనిచేయదు. పేరు ఒకటే అయినా రకం మారితే వైద్యం మారుతుంది. జన్యు పరీక్ష లేకుండా ఈ మందుల మాటెత్తకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

అపోహ: సికిల్‌సెల్‌కూ అలాంటి సూది ఒకటి వేస్తే చాలు, రోజూ వేసే హైడ్రాక్సీయూరియా మాత్రలు మానేయవచ్చు

దయచేసి మానకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఈ తరహా మందుల్లో చాలావాటికి ఒక చక్కెర అణువును జతచేస్తారు. దాన్ని కాలేయ కణాలు గుర్తుపట్టి లోపలికి తీసుకుంటాయి. చర్మం కింద వేసిన సూది నేరుగా కాలేయానికి చేరేది దానివల్లే. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముక మజ్జలో. ఈ సూదులు అక్కడికి చేరవు.

సికిల్‌సెల్‌కు వచ్చిన కొత్త చికిత్స దారి వేరు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక దాని తయారీని బీసీఎల్11ఏ అనే జన్యువు ఆపుతుంది. ఆ జన్యువును రక్తకణాలు పుట్టే మూలకణాల్లో పనిచేయనీయకుండా చేస్తే పిండ దశ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో 12 ఏళ్లు నిండినవారికి అనుమతి పొందిన కాస్‌జెవీ ఇదే. రోగి మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో జన్యువును కత్తిరించే క్రిస్పర్ అనే పద్ధతితో సవరిస్తారు. అవి సిద్ధమయ్యాక బుసల్ఫాన్ అనే తీవ్రమైన కీమో మందుతో మజ్జను ఖాళీ చేసి, సవరించిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి, ముందు ముందు పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినవచ్చు. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. మన దేశంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఐజీఐబీ ‘బిర్సా 101’ పేరుతో ఇలాంటి చికిత్సను 2025లో ప్రకటించింది. నాకది ఎంతో ఆనందం కలిగించింది. కానీ ఈ రోజు నేను చీటీ మీద రాయగలిగిన మందు కాదది.

మీ ఇంట్లో ఉన్న హైడ్రాక్సీయూరియా కూడా ఆ పిండ దశ హీమోగ్లోబిన్‌నే పెంచుతుంది. చవకైనది, దశాబ్దాలుగా వాడుతున్నది. కొత్త వైద్యం వస్తుందన్న ఆశతో దాన్ని ఆపి, ఛాతీ నొప్పితో, ఆయాసంతో వచ్చిన పిల్లలను చేర్చుకున్నప్పుడు నాకు కలిగే బాధ మాటల్లో చెప్పలేను.

అపోహ: ఒక్క సూదితో జీవితాంతం నిశ్చింత, పుట్టబోయే పిల్లలకూ జబ్బు రాదు

నకళ్లను తుంచే మందుల ప్రభావం కొన్ని వారాలో, నెలలో ఉంటుంది. భరించలేని కడుపునొప్పి తెచ్చే పోర్ఫిరియా అనే వంశపారంపర్య జబ్బుకు ఇచ్చే గివోసిరాన్‌ను నెలకోసారి, లుమాసిరాన్‌ను మొదటి మోతాదుల తర్వాత చాలామందికి మూడు నెలలకోసారి వేయాలి. డీఎన్ఏ మారదు, కాబట్టి పిల్లలకు సంక్రమించేది ఎప్పటిలాగే సంక్రమిస్తుంది. భార్యాభర్తలిద్దరూ సికిల్ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు. పెళ్లికి ముందే చేయించుకోండి.

అపోహ: కొత్త మందు కాబట్టి దుష్ఫలితాలు ఉండవు

మంచి ప్రొటీన్‌ను తగ్గించడానికి మూల్యం ఉంటుంది. ఫిటుసిరాన్ పరీక్షల్లో ఒక రోగి మెదడు సిరలో రక్తం గడ్డకట్టి మరణించడంతో 2017లో ఆ పరీక్షలను కొంతకాలం ఆపారు. ఆ తర్వాత మోతాదు పద్ధతి మార్చి, యాంటీత్రాంబిన్‌ను 15 నుంచి 35 శాతం మధ్య నిలిపేలా చూస్తున్నారు. ఆ మందు మీద ఉన్నవారికి రక్తస్రావమైతే ఇచ్చే ఫ్యాక్టర్ మోతాదు కూడా మారుతుంది. ఊళ్లోని ఆర్‌ఎంపీకి ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

అపోహ: ఇవన్నీ మేనరికం జబ్బులు, తల్లి వైపు నుంచి వచ్చిన శాపం

మేనరికం వల్ల కొన్ని జబ్బుల అవకాశం పెరుగుతుంది, నిజమే. హీమోఫీలియాకు మాత్రం మేనరికంతో పని లేదు. దాదాపు మూడో వంతు కుటుంబాల్లో అంతకుముందు ఎవరికీ ఉండదు. కోడలిని నిందించే అత్తవారికి నేను ఈ మాట గట్టిగానే చెబుతాను.

తీవ్రమైన పోర్ఫిరియాల్లో ఎక్కువగా కనిపించే రకం తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి నుంచి వచ్చినా చాలు. దీన్ని మన దగ్గర గుర్తించడమే కష్టం. వయసులో ఉన్న స్త్రీకి భరించలేని కడుపునొప్పి, వాంతులు వస్తాయి. స్కానింగ్‌లో ఏమీ ఉండదు. అపెండిక్స్ అని కోసేస్తారు, లేదా దెయ్యం పట్టిందని గుడికి తీసుకెళ్తారు. కార్తీక మాసపు ఉపవాసాలు, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు, సల్ఫా మాత్రలు నొప్పిని రేపుతాయి. వెలుతురులో ఉంచిన మూత్రం ముదురు ఎరుపుగా మారితే అనుమానించాలి. మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ పరీక్ష చేస్తే తేలుతుంది. నొప్పులు తరచుగా వచ్చేవారికే గివోసిరాన్ అవసరం. చాలామందికి ఏ మందులు వేసుకోకూడదో రాసిన కాగితం, వేళకు తిండి చాలు.

అపోహ: ఉద్దానం కిడ్నీ జబ్బుకూ ఈ సూదే మందు

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చేవారు లుమాసిరాన్ పేరు చెప్పి అడుగుతున్నారు. ఉద్దానం జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. అది ఆక్సలేట్ జబ్బు కాదు, ఈ సూదితో తగ్గదు. అయితే ఏ ఊళ్లోనైనా చిన్నపిల్లలకు రాళ్లు పదే పదే వస్తుంటే దాన్ని ఉద్దానం నీళ్ల మీదికి నెట్టేయకండి. మూత్రంలో ఆక్సలేట్ కొలిపించండి.

జీడితోట తాకట్టు పెట్టి అడ్వాన్సు కడదామనుకునేవారు ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మందు అసలు పేరు, అది ఏ జన్యువు పనిని తగ్గిస్తుంది, మీ బిడ్డకు ఆ జబ్బే ఉందని చెప్పే జన్యు పరీక్ష రిపోర్టు. అరుదైన జబ్బులకు 2021 జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. అయితే ఏయే జబ్బులకన్నది ముందే కనుక్కోవాలి. సికిల్‌సెల్, తలసేమియా, హీమోఫీలియా 2016 చట్టం ప్రకారం వైకల్యాల జాబితాలో ఉన్నాయి, కాబట్టి సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోండి. ఆ కాగితాలతో వస్తే మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం.