గోడ దూరమైతే మచ్చ పెరుగుతుంది

"దూరంగా వెళ్తున్న మనిషి కుదించుకుపోతున్నట్టు మనకెందుకు అనిపించదు?" అని ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్న తేలికే, జవాబు మాత్రం కాదు.

కంటిని ఒకే కటకంగా లెక్కిస్తే, దానికీ, కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనాకీ మధ్య దూరం సుమారు 17 మిల్లీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషి 10 మీటర్ల అవతల నిలబడితే రెటీనా మీద పడే బొమ్మ 2.9 మిల్లీమీటర్లు. 20 మీటర్లకు వెళ్తే అందులో సగమే. అయినా ఆ మనిషి పొట్టివాడయ్యాడని ఎవరూ అనుకోరు. బడిలో పాఠం "బొమ్మ తలకిందులుగా పడుతుంది" అనేదాకా వచ్చి ఆగిపోతుంది. అసలు సంగతి మొదలయ్యేది అక్కడే!

ఒక చిన్న ప్రయోగం చేయండి. మంచి వెలుతురులో ముదురు రంగు కాగితం ముక్కని అర నిమిషం చూపు కదపకుండా చూడండి (సూర్యుడితో, లేజర్‌తో ఈ పని వద్దు). తర్వాత చేతిలో తెల్ల కాగితం పట్టుకుని చూస్తే దానిమీద ఒక మచ్చ తేలుతుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్న గోడని చూడండి. మచ్చ ఒక్కసారిగా పెద్దదైపోతుంది! రెటీనాలో అలసిన కణాలు అవే, వాటి విస్తీర్ణమూ అంతే. మారింది దూరం ఒక్కటే. మచ్చ 5 డిగ్రీల కోణంలో ఉందనుకుంటే, మీటరు దూరంలోని తలం మీద దాదాపు 9 సెంటీమీటర్లుగా, 4 మీటర్ల గోడ మీద 35 సెంటీమీటర్లుగా కనిపించాలి. స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు ఎమిల్ ఎమ్మెర్ట్ 1881లో చెప్పిన సూత్రం ఇదే: కనిపించే పరిమాణం, రెటీనా మీది కోణాన్ని మెదడు అనుకున్న దూరంతో హెచ్చించినట్టు ఉంటుంది.

"అనుకున్న" అన్న మాటే ఇక్కడ కీలకం. కటిక చీకట్లో ఫ్లాష్ వెలిగించి మీ చేతినే కంట్లో మచ్చగా ముద్రించుకుని, ఆ చేతిని ముఖం దగ్గరికి తెస్తే మచ్చ కూడా చిన్నదవుతుంది. అక్కడ చూడటానికి ఏమీ లేదు. అయినా చేయి ఎక్కడుందో ఒంటికి తెలుసు, కళ్ళు దాన్ని అనుసరించి లోపలికి తిరుగుతాయి. మెదడుకి ఆ కబురు చాలు.

ఈ దూరపు ఆనవాళ్ళని లాగేస్తే? 1941లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హోల్వే, బోరింగ్ ఒక పొడవైన నడవాలో సరిగ్గా ఆ పనే చేశారు. వేర్వేరు దూరాల్లో ఉంచినా ప్రతి వెలుగు బిళ్ళా కంటి దగ్గర ఒకే ఒక్క డిగ్రీ కోణం చేసేలా సైజులు ఎంచారు. రెండు కళ్ళతో చూసినవాళ్ళు అసలు సైజులు దాదాపు సరిగ్గా పట్టేశారు. ఒక కన్ను మూయించి, చిన్న రంధ్రంలోంచి చూపించి, నడవాలోని ఆనవాళ్ళని తెరలతో కప్పేసరికి అంచనా అసలు సైజుని వదిలి కోణం వైపు, అంటే బిళ్ళలన్నీ ఒకే సైజు అనిపించే వైపు జారిపోయింది.

ఇక చంద్రుడు. పొద్దున్న దిగేటప్పుడైనా, నడినెత్తిన ఉన్నప్పుడైనా అతని కోణం అర డిగ్రీయే. నిజానికి క్షితిజం దగ్గర మనకి కొన్ని వేల కిలోమీటర్లు ఎక్కువ దూరంలోనే ఉంటాడు. అంటే ఒక పిసరు చిన్నగా కనిపించాలి. కానీ బ్రహ్మాండంగా కనిపిస్తాడు, దానికి అరిష్టాలు అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. క్షితిజం దూరమని మెదడు నమ్ముతుంది కాబట్టే హెచ్చించి చూపుతోందన్నది ఎమ్మెర్ట్ పద్ధతి వివరణ. వినడానికి బాగుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ పెద్ద చంద్రుడు దగ్గరున్నాడా దూరంగా ఉన్నాడా అని అడిగితే చాలామంది "దగ్గరే" అంటారు. ఈ వైరుధ్యం మీద పరిశోధకుల మధ్య వాదన ఇంకా తెగలేదు.